గుర్నాథం చెప్పని పేర్లు

చనిపోయిన రోజు పొద్దున కూడా గుర్నాథం కాఫీ లోటాను తలకిందులు చేసి చూశాడు. లోటా ఖాళీ అయ్యాక చూసుంటే ఏ గొడవా లేదు. సగం కాఫీ అందులో ఉండగానే పైకెత్తి, మెడ వంచి, కళ్ళు చికిలించి అడుగుభాగం పరీక్ష చేశాడు. కాఫీ పంచె మీద పడింది. అయినా లెక్కచెయ్యకుండా "దేవసేన" అని పైకి చదివాడు, అదేదో ఆ పొద్దునే తెలిసిన సంగతి అయినట్టు.

"పెండ్లైన కాడినుంచీ అదే లోటా. నా పేరు కాక ఇంగెవురి పేరుంటాది మామా?" అంది దేవసేన, పంచె తుడిచేదానికి గుడ్డ తెస్తూ.

"మారిపోయుంటే?"

"యాడికి పోయి మారతాది? కాళ్ళుండాయా దానికి?"

"సరి సరి. ఇంగ రవ్వంత కాఫీ పోయి."

ఆ మధ్యాహ్నం అంగట్లో గోనెసంచుల మీద నడుం వాల్చినవాడు మళ్ళీ లేవలేదు. పంతొమ్మిదివందల ఎనబై ఆరు, ఎండాకాలం. బజారు వీధి వాళ్ళందరూ వచ్చి మోసుకొచ్చారు. తలకు పోసేదానికి ఎవరో బిందె తెచ్చిపెడితే, ఏడుస్తున్న దేవసేన కళ్ళు ముందు ఆ బిందె మెడ మీదికే పోయాయి. ఎవరి పేరుందో చూసింది. అంటుకున్న జబ్బు ఎక్కడికి పోతుంది?

గుర్నాథానికి ఉన్నది ఒకే ఒక జబ్బు. చేతికి ఏ పాత్ర వచ్చినా దాని మీద ఎవరి పేరు కొట్టి ఉందో చూడాలి, చూసింది పైకి చదవాలి. మన పక్క పెళ్ళికి ఇచ్చే చెంబు మొదలు నీళ్ళు కాచుకునే అండా దాకా చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించకుండా ఏ ఇల్లాలూ వాడదు కదా. అట్లా పేర్లు కొట్టేదే గుర్నాథం కులవృత్తిలాంటిది. తిరువళ్ళూరు బజారు వీధిలో తండ్రి పెట్టిన పాత్రల అంగడి అతనిది. దేవసేన అతనికి సొంత అక్క కూతురు. పెళ్ళికి ముందూ "మామా" అనే పిలిచింది, తర్వాతా అదే. ఆ మనిషిని చిన్ననాటి నుంచీ ఎరిగుండీ చేసుకుంది కాబట్టి ఎవరి మీదా నేరం మోపేదానికి లేదు.

ఒకసారి తిరుత్తణి సత్రంలో పెళ్ళి. పంక్తిలో సాంబారు వడ్డించే మనిషి వచ్చాడు. గుర్నాథం ఆకు వైపు చూడలేదు, బక్కెట్టు చెవి పట్టుకున్నాడు.

"రాజమాణిక్యం! ఇది రాజమాణిక్యం బక్కెట్టు గదా! పెండ్లికూతురి నాయనకీ ఆయనకీ కోర్టులో నడస్తా ఉండాది గదా, ఇది ఇక్కడికి ఎట్ల వచ్చె?"

గొడవలన్నీ మగవాళ్ళవి, ఇచ్చిపుచ్చుకోవడాలు ఆడవాళ్ళవి. రెండిళ్ళ ఆడవాళ్ళు దొడ్డిదారిన జరుపుకున్న సంగతి పాయసం వచ్చేలోపల సత్రమంతా తెలిసిపోయింది. పెళ్ళికూతురి తండ్రి ఆకు ముందు నుంచి లేచిపోయాడు. దేవసేన ఆడవాళ్ళ పంక్తిలో తలవంచుకుని అప్పడం విరిచింది, విరిచింది, పొడి చేసేసింది.

ఇంకోసారి పెళ్ళిచూపులు. బంధువుల పిల్లవాడి కోసం పెద్దమనిషిగా ఇతన్ని తీసుకుపోవడం ఎవరి తెలివో! టిఫిను పళ్ళాలు రాగానే ఒక్కొక్కటే ఎత్తి, "ఇది కన్యకాంబది, ఇది కోకిలది, ఈ లోటా పక్కవీధి టీచరమ్మది" అని చదువుకుంటూ పోయాడు. పిల్ల తండ్రి ముఖం చింతపండు పులుసు అయింది. అన్నీ చదివి, మిక్చరు నోట్లో వేసుకుని గుర్నాథం తీర్పు చెప్పాడు: "ఇంతమంది నమ్మి సామాను ఇచ్చినారంటే మంచి కుటుంబమే. కానీండి." ఆ పెళ్ళి జరిగింది.

తిరుత్తణి కొండ మీద సుబ్రహ్మణ్యస్వామిని కూడా వదల్లేదు. అర్చకుడు తీర్థం ఇస్తుంటే ఇతను చెయ్యి చాచకుండా కిందికి వంగి చెంబు అడుగు చూస్తున్నాడు.

"ఏమయ్యా, అది స్వామి చెంబు. స్వామి పేరే ఉంటాది" అన్నాడు అర్చకుడు.

"లేదు సామీ. 'సుదర్శనం భార్య' అని ఉండాది."

ఎవరైనా నవ్వితే గుర్నాథం ఉడుక్కునేవాడు. "పేరుండేది చదివేదానికి గదా? చదవకూడదంటే ఎందుకు కొట్టిస్తారు?" అనేవాడు.

ఆ రోజుల్లో ఊరి ఆడవాళ్ళకు ఎవర్‌సిల్వర్ మోజు, అంటే స్టీలు మోజు, పట్టింది. పాత ఇత్తడి ఇచ్చి తళతళలాడే ఎవర్‌సిల్వర్ తీసుకుపోయేవాళ్ళు. మిగతా అంగళ్ళవాళ్ళు అట్లా వచ్చిన ఇత్తడిని కరిగించేదానికి పంపేవాళ్ళు. గుర్నాథమూ పంపేవాడు, కొన్నింటిని తప్ప. ఆ కొన్నింటిని గోనెలో చుట్టి ఇంటికి తెచ్చి వెనక గదిలో పెట్టేవాడు. గది నిండింది. అటక నిండింది. బియ్యం డబ్బా దగ్గరికి పోవాలంటే ఎవరెవరివో గుండిగలు దాటుకుని పోవాలి. దేవసేన కాలి బొటనవేలికి దెబ్బ తగలని వారం లేదు.

"కరిగించేదానికి పంపకుండా ఈ చిలుం పట్టిన సంతానమంతా నాకెందుకు మామా?"

"పేరుండే సామాను గదా పాపా. ఎట్ల కరిగించేది?"

"పంపిన వాటి మీద పేర్లు లేవా?"

గుర్నాథం తువ్వాలు దులుపుకుని అంగడికి పోయాడు. పిచ్చికి కారణం ఉంటుందా అని ఆమె కూడా అడగడం మానేసింది.

ఆ గదిలోకి చివరగా వచ్చిన సామాను ఎవరిదో మాత్రం దేవసేనకు తెలుసు. ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు చిత్తిర నెల ఎండల్లో, కడంబత్తూరు నుంచి కాంచన జట్కాలో గడ్డి కప్పి ఒక అండా తెచ్చింది. పెద్దది, ఇద్దరు పట్టి దించాల్సింది. కాంచన తమ్ముడు మద్రాసు ఆస్పత్రిలో ఉన్నాడు. మొగుడు తణికాచలం అమ్మ మాట దాటే మనిషి కాడు. ఆ అమ్మ, వనజాక్షమ్మ, కవరైపేట్టైలో కూతురికి ఒంట్లో బాగాలేదని సాయానికి పోయింది. అండా ఆమెది, ఆమె పేరే ఉంది దాని మీద. కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నదని, దాన్ని ముట్టుకోవాలన్నా కోడలు అడిగి ముట్టుకోవాలి.

"వినాయక చవితికి అత్త తిరిగొచ్చేస్తాది అన్నా. ఆలోపల కోతలైతే ఇడిపించుకుంటా. ఆమె రైలు దిగేలోపల అండా పొయ్యి మీదుండాల" అంది కాంచన.

"ఇడిపించేదేంది? నేనేం మార్వాడీనా?" అని గుర్నాథం కసిరాడు. "అమ్మినావు, నేను కొన్నాను. అంతే. కానీ 'వనజాక్షి' అని పేరుండే అండాను ఇంగో వనజాక్షి వచ్చేదాకా ఎవురు కొంటారు? నా నెత్తిన పడుంటాది. నీకు కుదిరినప్పుడు వచ్చి ఎత్తకపో, నాకు జాగా మిగులుతాది."

కాంచన తమ్ముడు బతకలేదు. తెచ్చుకున్న డబ్బు సగం మందులకు పోయింది, సగం మిగతాదానికి.

ఆషాఢంలో వచ్చే ఆడికృత్తిక పండగకు తిరువళ్ళూరంతా తిరుత్తణిలో ఉంటుంది. దొంగలు మాత్రం తిరువళ్ళూరులో ఉంటారు. ఆ ఏడు కావడి మొక్కు తీర్చుకుని గుర్నాథం, దేవసేన సాయంత్రం బండికి తిరిగొచ్చేసరికి వెనక గోడకు మనిషి దూరేంత కన్నం ఉంది. గదిలో సామాను లేదు. నేల మీద చిన్నవీ పెద్దవీ పచ్చటి చిలుం వలయాలు మాత్రం మిగిలాయి, ఏ పాత్ర ఎక్కడుండేదో చూపిస్తూ. అన్నింటికన్నా పెద్ద వలయం అండాది.

పెట్టె పగిలి ఉంది. "నా బంగారు గాజులు పోయినాయి మామా!" అని దేవసేన కూలబడింది.

గుర్నాథం ఆ వలయాల మధ్య నిలబడి ఉన్నాడు. "నీవి నీవి గదా పాపా, పోనీ" అన్నాడు. "ఇవన్నీ ఊరోళ్ళవి!"

పెళ్ళైన తర్వాత ఆమె అతన్ని నిజంగా అసహ్యించుకున్నది ఆ ఒక్క నిమిషమే. చెయ్యి బోసిగా నేల మీద కూచున్న పెళ్ళాన్ని వదిలి, చిలుం మరకలకు ఏడుస్తున్నాడు!

మర్నాడు స్టేషనుకు పోయారు. ఏట్టయ్య, అంటే హెడ్డు కానిస్టేబులు, తంగరాజు కాగితం ముందు పెట్టుకున్నాడు.

"ఏం పోయింది?"

"ఇత్తడి సామాన్లు."

"గుర్తులేమన్నా ఉండాయా?"

"పేర్లుండాయి."

"ఆ, బాగుంది. ఏం పేర్లు?"

గుర్నాథం నోరు తెరిచాడు. మూశాడు. దేవసేన బిత్తరపోయి చూసింది. దేవుడి ముందు దేవుడి చెంబు మీద పేరు చదివిన నోరు అది!

"నీ పేరా?" అన్నాడు తంగరాజు.

"కాదు."

"మీ ఇంటామె పేరా?"

"కాదు."

"మరి ఎవురి పేరయ్యా?"

"ఎవురెవురివో. చెప్పేదానికి కాదు."

"ఎవురెవురి పేర్లో ఉండే సామాను నీ ఇంట్లోకి ఎట్ల వచ్చె?"

"కొన్నాను."

"ఎవురి దగ్గర?"

"అదీ చెప్పేదానికి కాదు."

తంగరాజు పెన్ను కింద పెట్టాడు. "ఎన్నయ్యా ఇదు, ఏందయ్యా ఇది! కంప్లయింటు ఇచ్చేదానికి వచ్చినావా, లొంగిపోయేదానికి వచ్చినావా?"

ఆ రోజు మధ్యాహ్నం దాకా గుర్నాథాన్ని బెంచీ మీద కూచోబెట్టారు. బజారుకు పోయేవాళ్ళు వాకిట్లో ఆగి మరీ చూసిపోయారు. తండ్రి కాలం నుంచి నమ్మకంగా నడిచిన అంగడి మనిషి. దేవసేన గాజుల సంగతి రాసుకున్నారు. సామాను సంగతికి వచ్చేసరికి, పేర్లు చెప్పిన రోజు రమ్మన్నారు.

"చెప్పేయ్ మామా. ఊరికే వాగే పేర్లే గదా! కనీసం ఆ అండా అన్నా రావాలి గదా, చవితి దగ్గర పడతాండాది, కాంచన గతేంగాను?" అని దారంతా బతిమాలింది.

"జనాన్ని అడుగుదాం" అన్నాడు గుర్నాథం.

జనాన్ని అడిగేదానికి ఊళ్ళో రెండు దారులు. ఒకటి ఏళుమలై మైకు, రెండోది సినిమా కొట్టాయి అనే డేరా హాల్లో స్లైడు. ఏళుమలై సైకిల్ రిక్షాకు బూర కట్టుకుని చీరల తగ్గింపు అమ్మకాల దగ్గరనుంచి తప్పిపోయిన గేదెల దాకా అన్నీ ప్రకటించేవాడు. గుర్నాథం చెప్పిన మాటలు విని తల గోక్కున్నాడు.

"అన్నా, పిల్లోడు తప్పిపోయినాడు, పేరు చెప్పను, ఏం చొక్కా వేసినాడో చెప్పను అంటే ఎవురన్నా పట్టిచ్చేదానికి అవుతుందా?"

"నువ్వు చెప్పింది చెప్పు."

ఏళుమలై చెప్పాడు. వీధి వీధికీ తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి: "గుర్నాథం శెట్టిగారింట్లో పేర్లు కొట్టిన ఇత్తడి సామాన్లు పోయినాయండీ! ఏం పేర్లని అడగొద్దండీ! చూస్తే మీకే తెలుస్తాదండీ! తెలిసినా పైకి చదవొద్దండీ! వచ్చి శెట్టిగారి చెవిలో చెప్పండీ!"

కొట్టాయిలో ఇంటర్వెల్‌కు అదే మాట అద్దం మీద రాసి తెర మీద వేశారు. నేల టిక్కెట్టువాళ్ళు ఈలలు వేశారు. "పేరు చెప్పు! పేరు చెప్పు!" అని అరిచారు. దేవసేన కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, సినిమా సగంలో లేచి వచ్చేసింది.

ఊరంతటికీ గుర్నాథం జబ్బు పట్టుకుంది. హోటల్లో కాఫీ ఇస్తే చాలు, ఎవడికివాడు లోటా తలకిందులు చేయడమే. హోటలువాడు గుర్నాథానికి దండం పెట్టాడు: "సామీ, నువ్వొగడివి ఒలకబోస్తే తట్టుకున్నాను, ఊరంతా ఒలకబోస్తే ఎట్ల?" ఒకాయన బొక్కపడిన బిందె తెచ్చి, ఇదేనా చూడండి అన్నాడు. చూస్తే ఆయన పేరే ఉంది. "నాదైనా పరవాలేదు, తీసుకోండి" అన్నాడు.

నవ్వుతో పోయుంటే బాగుండు. కొళాయి దగ్గర ఇంకో మాట పుట్టింది. పాత్రల మీద ఉండేవి ఆడవాళ్ళ పేర్లే కదా, చెప్పనంటున్నాడంటే ఏందో కథ ఉంది. ఎంతమందో పాపం! దేవసేన సగం నిండిన బిందె అక్కడే వదిలేసి వచ్చింది.

"ఊరు ఏమనుకుంటాండాదో తెలుసునా మామా నీకు?"

"తెలుసు."

"మరి?"

"అనుకోనీ పాపా. నన్ను గదా అనుకుంటాండారు."

జవాబు దొడ్డివాకిలి నుంచి వచ్చింది. గుర్నాథం అంగడికి పోయిన సమయం చూసుకుని ఒకామె వచ్చింది. కొళాయి దగ్గర అందరికన్నా గట్టిగా నవ్వినామె. చేట పట్టుకుని ఏదో అడిగేదానికి వచ్చినట్టు నిలబడి, గొంతు తగ్గించి, "అక్కా, అన్న చెప్పేస్తాడా?" అంది.

"ఏం చెప్పేస్తాడా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొగుడి పని పోయినప్పుడు పెళ్ళినాటి గుండిగ అమ్ముకుందట. చెల్లెలికి ఇచ్చానని ఇంట్లో చెప్పిందట. "వచ్చి ఎత్తకపో, నాకు జాగా మిగులుతాది అన్నాడు అన్న. రేపు మాపు అనుకుంటా ఉండాను."

ఆమె పోయాక ఇంకొకరు వచ్చారు. ఆ తర్వాత ఇంకొకరు. దేవసేన ఎప్పుడూ కలిగినవాళ్ళని అసూయపడిన ఇంటి కోడలు కూడా వచ్చింది. వాళ్ళలో ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అందరికీ అతను చెప్పింది ఒకే మాట, జాగా మిగులుతాది అని. ఎవర్‌సిల్వర్ మోజుతో ఇచ్చినవాళ్ళ సామాను కరిగిపోయింది. కష్టం వచ్చి ఇచ్చినవాళ్ళ సామాను ఈ గదికి వచ్చింది. బొటనవేలికి అన్నేళ్ళుగా తగిలిన దెబ్బలకు ఆ రోజు కారణం తెలిసింది దేవసేనకు. మెట్టు మీద కూచుని చాలాసేపు వేలు పట్టుకుని రుద్దుకుంది.

కాంచన వచ్చినప్పుడు గుర్నాథం ఇంట్లోనే ఉన్నాడు.

"పేరు చెప్పేయ్ అన్నా. అండా దొరికితే సాలు. నన్ను తన్నినా పడతా."

"దాని మీదుండేది నీ పేరు కాదుమ్మా, మీ అత్తది. ఆమె పేరు మైకులో అరిపించి, 'అత్త అండా కోడలు అమ్ముకునె' అని కడంబత్తూరంతా చెప్పుకుంటే, ఆ ఇంట్లో నువ్వు అన్నం తింటావా? ఆ పేరొగటి చెప్పి, మిగతావి ఎందుకు చెప్పలేదంటే నేనేం చెప్పాల?"

చవితి వారం దూరంలోకి వచ్చినప్పుడు, పట్టాభిరామ్ అనే ఊరి నుంచి కేశవులు అనే పాత ఇత్తడి వ్యాపారి అంగడికి వచ్చాడు. నమస్కారం లేదు, పలకరింపు లేదు. నేరుగా వచ్చి గుర్నాథం చెవి పట్టుకున్నాడు.

"ఏందయ్యా!"

"చెవిలో చెప్పమన్నారు గదా అన్నా. రైల్లో చెప్పుకుంటా ఉండారు" అని కేశవులు గుసగుసలాడాడు. "నా గోడౌన్లోకి లోడొగటి వచ్చింది. పనోళ్ళు సగం మూసలోకి పోసేసినారు. పేర్లు చూస్తే అన్నీ ఆడోళ్ళవి, అన్నీ ఈ పక్కవి. మిగతాది ఆపినాను."

గుర్నాథం, దేవసేన పట్టాభిరామ్ పోయి చూస్తే, మిగతాది అంటే సామాను కాదు. పొయ్యిలో పట్టేదానికి సమ్మెటలతో కొట్టి ముక్కలు చేసిన ఇత్తడి గుట్ట. గుర్నాథం దాని ముందు గొంతుక్కూచున్నాడు. ఒక్కొక్క ముక్కే తీసి, వెలుతురుకు పట్టి, తిప్పి చూశాడు. పెదవులు కదులుతున్నాయి, గొంతు రావడంలేదు. దేవసేనకు శ్మశానంలో ఎముకలు ఏరుకునేవాళ్ళు గుర్తొచ్చారు. అంచు ముక్క ఒకటి చేతికి వచ్చేసరికి అతను ఆగిపోయాడు. 'వనజా' దాకా ఉంది. మిగతాది లేదు.

రైల్లో తిరిగొస్తూ గుర్నాథం తిన్ననూరు దాటాక అన్నాడు: "అంగట్లో ఆ సైజు అండా ఒగటుండాది పాపా."

"కొత్తది. మిలమిలా మెరస్తా ఉంటాది. అన్నేళ్ళు నీళ్ళు కాచుకున్న మనిషికి తెలీదా?"

"మనం పాతది చేస్తాం."

ఆ వారం దొడ్లో జరిగింది చూసినవాళ్ళు దంపతులిద్దరికీ పిచ్చెక్కిందనే అనుకున్నారు. 'వనజా' ముక్కను ముందు పెట్టుకుని, ఆ చుక్కల పొడుగూ లోతూ చూసుకుంటూ గుర్నాథం కొత్త అండా మెడ మీద పేరు కొట్టాడు. పేరంటే దేవుడనుకునే మనిషి దొంగపేరు కొడుతున్నాడు. తర్వాత అండాకు చింతపండు పులిమి, ఎండబెట్టి, తడిగడ్డి మంటపెట్టి మసి పట్టించారు.

"సొట్టలు లేవు" అంది దేవసేన.

"నువ్వు కొట్టు. నాకు చెయ్యి రావడంలేదు."

రోకలి ఎత్తింది దేవసేన. బోసి చేతులతో ఎత్తింది. మొదటి దెబ్బ పిరికిగా పడింది. రెండోది గాజులు ఎత్తుకుపోయినవాడి నెత్తిన పడింది. మూడోది కొళాయి దగ్గర నవ్వినవాళ్ళ మీద పడింది. "సాలు పాపా, సాలు! అండా అనాల గదా, అప్పడం అయిపోతాది!" అని గుర్నాథం అడ్డం వచ్చాడు. ఇద్దరూ మసి ముఖాలతో ఒకరినొకరు చూసుకుని, దొంగతనం జరిగిన తర్వాత మొదటిసారి నవ్వారు.

చవితికి ముందురోజు అండా గడ్డి కప్పుకుని కడంబత్తూరు పోయింది. వనజాక్షమ్మ రైలు దిగింది. ఇంటికి పోయింది. నీళ్ళు పోసుకుంది. అండా గురించి ఏమీ అడగలేదు. కాంచన వచ్చి ఆ మాట చెప్పేదాకా గుర్నాథం నిలబడలేకపోయాడు, కూచోలేకపోయాడు.

మిగతావాళ్ళకూ చేశాడు. గుండిగ పోయినవాళ్ళకు గుండిగ, చెంబు పోయినవాళ్ళకు చెంబు, అంగట్లో నుంచే తీసి. ఎవరైనా వద్దంటే తిట్టేవాడు: "నీ పేరు కొట్టేసినాను గదా, ఇంగ దీన్ని ఎవురు కొంటారు? ఎత్తకపో!" అంగడి అలమరలు ఖాళీ అయ్యాయి. మళ్ళీ నిండలేదు. దేవసేన గాజులు దొరకలేదు, కొత్తవి రాలేదు. ఆమె అడగలేదు.

అతను మారింది ఒక్క విషయంలోనే. అండా ఇచ్చిన దగ్గరనుంచి వనజాక్షమ్మ అంటే వణుకు. ఆమె బజారు వీధి మొదట్లో కనిపిస్తే చాలు, గోనెసంచుల వెనక దూరేవాడు. పెద్ద మనిషి, పొట్ట ఒకటి బయట కనిపిస్తూ ఉండేది. "అంగట్లో లేడని చెప్పు పాపా" అని సంచుల వెనక నుంచి వినిపించేది, వనజాక్షమ్మకు కూడా. కడంబత్తూరులో పెళ్ళైతే పోడు. రైలు అక్కడ ఆగినప్పుడు కిటికీకి వీపు తిప్పి కూచునేవాడు. "ఆమె ఒగ చూపు చూసిందంటే కక్కేస్తాను. కక్కితే ఆ పిల్ల కాపురం పోతాది" అనేవాడు. చచ్చేదాకా అట్లాగే దాక్కున్నాడు.

పదకొండో దినం అయ్యాక వనజాక్షమ్మ వచ్చింది. బాగా ముసలిదైంది. కాంచన చెయ్యి పట్టి తీసుకొచ్చి కూచోబెట్టి, మంచినీళ్ళు తెచ్చేదానికి లోపలికి పోయింది. ఆమె పోయేదాకా చూసి ముసలామె దేవసేన పక్కకు జరిగింది.

"మీ ఆయన మంచి పనోడేమ్మా. చుక్కలు అచ్చం అట్లే కొట్టినాడు."

దేవసేన ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టింది. "ఏం చుక్కలు పెద్దమ్మా?"

"నా దగ్గర దాచేదేందిలే. పాతదాంట్లో నీళ్ళు కాగితే కుయ్యిమని కూసేది. ఇది మొదటి దినమే కూయలేదు. మా కోడలు పొయ్యి ముందు కూచోని నా మొగం చూస్తాండాది, పిల్లిని చూసిన ఎలకమాదిరి. తమ్ముణ్ణి పోగొట్టుకున్న పిల్ల. ఏమడిగేది? 'నీళ్ళు బాగా కాగినాయి' అన్నాను."

"ఆ మాట ఆయనకన్నా చెప్పుంటే..."

"చెప్దామనే గదా అన్నిసార్లు అంగడికి వచ్చినాను! నన్ను చూస్తే చాలు, సంచుల ఎనక దూరేవాడు. పొట్టతో మాట్లాడి రమ్మంటావా?"

చావింట్లో నవ్వకూడదని దేవసేన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల నుంచి కాంచన అడుగుల చప్పుడు వినిపించింది. వనజాక్షమ్మ గొంతు ఇంకా తగ్గించింది.

"ఇంగోటి. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది అంటాను గదా, ఆ పాత అండా. అసలుది నేను కాపురానికొచ్చిన కొత్తలోనే అమ్ముకున్నాను, మా అత్తకు తెలీకుండా. కూసేది మీ తాత, మీ ఆయన నాయన, అచ్చం దానిమాదిరి చేసి ఇచ్చిందే."